రాని రైలు, ఆగని రైలు

1880 మే 11న కాలిఫోర్నియాలోని శాన్ వాకీన్ లోయలో, హాన్‌ఫర్డ్ ఊరికి కొంచెం అవతల మసల్ స్లూ అనే చోట, గోధుమ రైతులకూ రైలు కంపెనీ పక్షాన భూములు స్వాధీనం చేసుకోవడానికి వచ్చినవాళ్లకూ మధ్య తుపాకులు పేలాయి. ఏడుగురు చనిపోయారు. వాళ్లలో ఐదుగురు రైతులు. అదే ఏడాది అక్టోబరులో, అక్కడికి సుమారు రెండువేల కిలోమీటర్ల దూరాన, డకోటా మైదానంలో అప్పుడప్పుడే లేచిన డి స్మెట్ ఊరిమీద తొలి మంచు తుపాను విరుచుకుపడింది. కొత్త సంవత్సరం వచ్చాక మే నెల దాకా ఆ ఊరికి రైలు రాలేదు. రైలు వల్ల పుట్టిన ఊరు రైలు రాక పస్తుల అంచుకు చేరింది.

మొదటి ఘటనలోంచి ఫ్రాంక్ నారిస్ నవల 'ది ఆక్టోపస్' (1901) వచ్చింది. రెండో దానిలోంచి లారా ఇంగల్స్ వైల్డర్ నవల 'ద లాంగ్ వింటర్' (1940) వచ్చింది. గ్రంథాలయంలో ఈ రెండూ ఒకదాని మొహం ఒకటి చూడవు. ఒకటి కంపెనీల దోపిడీ మీద రాసిన పెద్దల నవలల బీరువాలో ఉంటుంది, ఇంకోటి పిల్లల పుస్తకాల గదిలో. విమర్శకులూ అలాగే విడివిడిగా చదువుతూ వచ్చారు. నిజానికి రెండింటి కథావస్తువూ ఒక్కటే: రైలు పట్టాల పక్కన మొలిచిన చిన్న ఊరు, దాని చుట్టూ గోధుమ, ఆ గోధుమకు ధర కట్టేదెవరన్న తగువు. నారిస్ పుస్తకంలో రైలు ఎప్పుడూ ఆగదు. వైల్డర్ పుస్తకంలో అది రాదు. పక్కపక్కన పెట్టి చదివితే ఒకదాని లోటు ఇంకోదాని వెలుగులో బయటపడుతుంది.

మనవైపు పాఠకుడు ముందుగా ఒక సంగతి పట్టుకోవాలి. మన దగ్గర చాలామటుకు ఊరు ముందు, రైలు తర్వాత. ఊరి పొలిమేరలోంచి పట్టాలు వేస్తే స్టేషను వచ్చిందని సంబరపడతాం. గుంతకల్లు, కాజీపేట లాంటి రైల్వే ఊళ్లు మనకూ ఉన్నాయిగానీ అవి జంక్షన్లయి పెరిగినవి. అమెరికా పడమటి మైదానాల్లో వరస తిరగబడింది. ముందు కంపెనీ సర్వేయరు వచ్చి మేకులు పాతుతాడు. రైతు బండి కట్టుకుని ధాన్యం తెచ్చి, అమ్ముకుని, చీకటి పడేలోగా ఇల్లు చేరగలిగినంత ఎడంలో ఊళ్లు గీస్తారు. వీధులు, స్థలాలు కాగితం మీద పుడతాయి. డి స్మెట్‌ను షికాగో అండ్ నార్త్‌వెస్టర్న్ కంపెనీకి అనుబంధంగా ఉన్న స్థలాల సంస్థ గీసి అమ్మింది. పేరు ఒక బెల్జియం పాదరీది. హాన్‌ఫర్డ్‌కు 1877లో పెట్టిన పేరు ఏకంగా రైలు కంపెనీ ఉద్యోగిది. ఊరి పేరు పలికినప్పుడల్లా జనం కంపెనీ మనిషిని తలుచుకోవలసిందే. అలాంటి ఊళ్లో కంపెనీ మీద తిరగబడటం ఎంత కష్టమో, కంపెనీని మరిచిపోవడమూ అంతే కష్టం.

నారిస్ మరిచిపోనివ్వడు. అతని నవల మొదట్లోనే ఒక ఇంజను చీకట్లో పట్టాల మీదికి వచ్చిన గొర్రెల మందను నుజ్జు చేసి వెళ్లిపోతుంది. బీభత్సాన్ని దట్టంగా పూసే రచయిత అతను, ఆ దృశ్యం అందరికీ గుర్తుంటుంది. నాకు మటుకు అంతకంటె బలంగా తగిలేది నెత్తురు చుక్క లేని ఇంకో దృశ్యం. పెద్ద రైతు మాగ్నస్ డెరిక్, అతని కొడుకు హారన్ బానవిల్ స్టేషనులో నిలబడి ఉంటారు. వాళ్లు తెప్పించుకున్న కొత్త నాగళ్లు ఎదురుగా గూడ్సు పెట్టె మీదే ఉన్నాయి. చెయ్యి చాస్తే అందుతాయి. తొలకరి వానలు పడుతున్నాయి, దుక్కికి అదును. అయినా దింపుకోవడానికి వీల్లేదు. కంపెనీ నిబంధన ప్రకారం ఆ సరుకు ముందు శాన్‌ఫ్రాన్సిస్కో పోవాలి, అక్కడినుంచి మళ్లీ బానవిల్‌కు వెనక్కి రావాలి, ఆ తిరుగు ప్రయాణానికి వేరే చార్జీ కట్టాలి. ఈ సంగతిని కంపెనీ ఏజెంటు బెర్మన్ చెమట తుడుచుకుంటూ, ఎంతో మర్యాదగా చెబుతాడు. అరుపుల్లేవు, దౌర్జన్యం లేదు. రైలు వెళ్లిపోతుంది, దానితో నాగళ్లూ వెళ్లిపోతాయి. ప్రభుత్వ కార్యాలయంలో తన ఫైలు ఎదురుగా బల్లమీద కనిపిస్తున్నా అది పై ఊరికి వెళ్లి రావాలన్న మాట విన్నవాడెవడికైనా ఈ పేజీలు చదువుతుంటే ఒళ్లు మండుతుంది.

వైల్డర్ పుస్తకంలో ఇంతటి బరువున్న వస్తువు కాఫీ గింజలు విసిరే చిన్న చేతిమర. రైలు ఆగాక అంగడిలో పిండి అయిపోయింది. బొగ్గు, కిరోసిన్, చివరికి మాంసం కూడా అయిపోయాయి. మిగిలింది విత్తనాల గోధుమ. తిరగలి లేదు. కాఫీ మరలో ఒక దఫాకు పోసే గింజలు గుప్పెడు. ఇంగల్స్ ఇంట్లో ఆరుగురికి రొట్టె కావాలంటే పొద్దుట్నుంచి రాత్రిదాకా ఎవరో ఒకరు ఆ పిడి తిప్పుతూ కూచోవాలి. లారా పెద్దక్క, కళ్లు పోయిన మేరీ కూడా తిప్పుతుంది. ఇంకో పక్క నాన్న, లారా కొట్టంలో కూచుని ఎండుగడ్డిని తాడులా మెలితిప్పి కట్టెలు చేస్తుంటారు. గడ్డి ఎంతసేపు మండుతుంది? ఒక కట్టె పొయ్యిలో పెడితే ఇంకోటి చేసేలోగా అది బూడిద. దీపానికి నూనె లేకపోతే అమ్మ ఒక బొత్తాన్ని పాత గుడ్డలో కట్టి, కొసను వత్తిలా లాగి, బండి ఇరుసుకు పూసే కందెనలో నిలబెట్టి వెలిగిస్తుంది. కందెన దీపం! మన పల్లెల్లో ఆముదపు ప్రమిద ఎరిగినవాళ్లకు కూడా ఇది కొత్త సంగతే. నాన్న ఫిడేలు వాయించబోతే చలికి కొయ్యబారిన వేళ్లు కదలవు. ఈ పుస్తకంలో ఆకలి ఎవరినీ గట్టిగా ఏడిపించదు. మాటలు తగ్గిపోతాయి, పిల్లలు మందకొడిగా తయారవుతారు, ఒక రోజుకూ ఇంకో రోజుకూ తేడా తెలియకుండా పోతుంది. ఆకలి పనిచేసే తీరు నిజంగా అంతే. నారిస్‌కు ఆ నిదానం లేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో హూవెన్ అనే రైతు భార్య ఆకలితో చచ్చిపోయే ఘట్టాన్ని అతను ధనికుల విందు భోజనంతో ఒక పేరా అది, ఒక పేరా ఇది అన్నట్టు పేనాడు. ఆ లెక్క ప్రకారం రావలసిన చోట కన్నీళ్లు వస్తాయి. అయితే రచయిత చెయ్యి కనిపించిపోతుంది.

గోధుమ కొలతల్లో కూడా ఈ తేడా ఉంది. నారిస్ దృష్టిలో గోధుమ సముద్రం. ఒక రైతు పొలంలోనే ముప్ఫయ్యైదు నాగళ్లు, ఒక్కో దానికి ఐదేసి కర్రులు, పదేసి గుర్రాలు, వరసగా కదిలే ఘట్టం ఆంగ్ల నవలల్లో దుక్కిని గురించి వచ్చిన గొప్ప వర్ణనల్లో ఒకటి. మాగ్నస్ కార్యాలయంలో టిక్కరు యంత్రం ఉంది, దూరదేశాల ధరలు తీగ మీద వచ్చి పడుతుంటాయి. అక్కడ గోధుమ తినే వస్తువుగా దాదాపు కనిపించదు, అమ్మే వస్తువు. వైల్డర్ దృష్టిలో గోధుమ గుప్పిట్లో పట్టేది, తినేది, అన్నిటికంటె ముందు విత్తనం. అల్మాంజో అనే యువకుడు తన విత్తనాల గోధుమను అన్న దుకాణంలో దొంగ గోడ కట్టి, దాని వెనక పోసి దాస్తాడు. దానికి ఒక బెజ్జం, బెజ్జానికి బిరడా. అతను పిసినారి కాడు. విత్తనాలు వండుకుతింటే వచ్చే ఏడు పంట ఉండదన్నది ఏ దేశపు రైతుకైనా తెలిసిన లెక్క. లారా నాన్న ఒకరోజు ఖాళీ పాల బాల్చీ పట్టుకుని వస్తాడు. ఎవరినీ అడగడు. నేరుగా గోడ దగ్గరికి వెళ్లి బిరడా లాగేస్తాడు. గింజలు జలజలా బాల్చీలో పడుతుంటే అన్నదమ్ములు నోరెళ్లబెట్టి చూస్తారు. సొంత ఆస్తి, స్వయంకృషి అని గొప్పగా చెప్పుకునే వైల్డర్ గ్రంథమాలలో నాన్న చేసిన ఈ పని ఏమిటి? దొంగతనానికి ఒక మెట్టు కింద, హక్కుకు ఒక మెట్టు పైన. రచయిత్రి దానికి పేరు పెట్టదు.

ఈ రెండు పుస్తకాలనూ నిజంగా తూచాల్సిన చోటు ఒకటుంది. రెండింటిలోనూ ధర గురించి ముఖాముఖి వాదన జరుగుతుంది.

'ది ఆక్టోపస్'లో ఆ వాదన రవాణా చార్జీల గుమాస్తా గదిలో. డైక్ ఒకప్పుడు కంపెనీ ఇంజను డ్రైవరు. సమ్మె వచ్చినప్పుడు కంపెనీ పక్షాన నిలిచినవాడు. అయినా కంపెనీ అతని జీతానికే కోత పెట్టింది. ఉద్యోగం వదిలి, ఇల్లూ పొలమూ తాకట్టు పెట్టి, బీరులో వాడే హాప్స్ పంట వేశాడు. పౌనుకు రెండు సెంట్ల చార్జీ అన్న మాట నమ్మి పంటను ముందే ఒక ధరకు ఒప్పందం చేసుకున్నాడు. తీరా హాప్స్ ధర పెరిగిందని తెలియగానే కంపెనీ చార్జీ ఐదు సెంట్లు చేసింది. డైక్ మొదట అర్థంకానట్టు చూస్తాడు, తర్వాత లెక్క వేస్తాడు, తర్వాత ఈ చార్జీ ఏ లెక్కన కట్టారని అడుగుతాడు. అవతలివాడు ఎంత మోయగలిగితే అంత అన్నదే వచ్చే జవాబు. ఆ కాలపు అమెరికా రైలు రాజకీయమంతా ఆ ఒక్క సూత్రంలో ఉంది. డైక్‌కు మిగిలింది తాగుడు, తర్వాత రైలు దోపిడీ, తర్వాత జైలు.

'ద లాంగ్ వింటర్'లో వాదన అంగడి గల్లా ముందు. ఊరికి ఇరవై మైళ్ల దూరంలో ఎవరో రైతు గోధుమ పండించాడన్న పుకారు పట్టుకుని, తుపానుకూ తుపానుకూ మధ్య దొరికిన ఒక్క తెరిపి రోజున అల్మాంజో, క్యాప్ గార్లండ్ బయల్దేరతారు. గుర్రాలు మంచుకప్పిన గడ్డి కుహరాల్లోకి దిగబడిపోతుంటాయి. చివరికి దొరికిన రైతు అండర్సన్ తన విత్తనాలు అమ్మనంటాడు. బేరం పెంచి పెంచి బుషెల్ ఒకటింబావు డాలరుకు అరవై బుషెళ్లు కొంటారు. బుషెల్ గోధుమంటే సుమారు 27 కిలోలు. డబ్బు పెట్టింది అంగడి యజమాని లాఫ్టస్. తెచ్చినందుకు కుర్రాళ్లు కిరాయి తీసుకోరు. తెల్లారేసరికి లాఫ్టస్ ఆ గోధుమను మూడు డాలర్లకు అమ్మకానికి పెడతాడు. నా సరుకు, నా ఇష్టం అన్నది అతని వాదన. ఊరంతా అంగడి మీదికి వస్తుంది. దోచుకోవడానికి సిద్ధంగా ఉన్నవాళ్లను ఆపి లారా నాన్న మాట్లాడతాడు. నీ సరుకు నీ ఇష్టం, నిజమే. మా కొనుగోలూ మా ఇష్టమే. ఈ చలికాలం ఎల్లకాలం ఉండదు, ఎండలు వచ్చాక కూడా ఈ ఊళ్లో వ్యాపారం చేసుకోవాలి కదా అని గుర్తు చేస్తాడు. లాఫ్టస్ దిగివచ్చి కొన్న ధరకే అమ్ముతాడు.

ఈ ఘట్టం మీద చాలా సిరా ఖర్చయింది. వైల్డర్ కూతురు రోజ్ వైల్డర్ లేన్ ఈ పుస్తకాల రాతప్రతులను దిద్ది, తిరగరాసి, తీర్చిన మనిషి. ఆమె వాటా ఎంతన్నది 1993లో విలియం హోల్ట్జ్ రాసిన జీవితచరిత్ర నుంచీ నడుస్తున్న చర్చ. రోజ్‌కు రూజ్‌వెల్ట్ న్యూడీల్ అంటే మంట, ప్రభుత్వ జోక్యమంటే పడదు. అందుకని లాఫ్టస్ ఘట్టాన్ని స్వేచ్ఛా విపణికి పిల్లల పాఠంగా చదివేవాళ్లున్నారు. నాకు అలా అనిపించదు. పాఠం అదే అయితే మూడు డాలర్లు న్యాయమైన ధర కావాలి. సరుకు తక్కువ, గిరాకీ ఎక్కువ. ఊరు దాన్ని అన్యాయమంది, లాఫ్టస్ చివరికి ఒప్పుకున్నాడు. నాన్న మాటల్లో మర్యాదగా చుట్టి ఉన్నది వెలి బెదిరింపు. అది పనిచేసింది కూడా. ఎందుకంటే లాఫ్టస్ ఆ ఊళ్లోనే ఉంటాడు, రేపు వాళ్ల మొహాలే చూడాలి.

డైక్‌ను ముంచిన మనిషి ఆ ఊళ్లో లేడు. బెర్మన్ ఉన్నా అతను ఏజెంటు. చార్జీ కట్టింది శాన్‌ఫ్రాన్సిస్కోలో. నాన్న మాటకు లాఫ్టస్ లొంగాడంటే అతని మంచితనం కొంత, ఊరి చిన్నతనం ఎక్కువ. ఊరు కాస్త పెద్దదై, అంగడి కంపెనీదైతే అదే మాట గాలికి పోయేది. తెలిసో తెలియకో వైల్డర్ తన ఆర్థిక సూత్రానికి హద్దు గీసింది: మొహమాటం పనిచేసేటంత దూరమే అది పనిచేస్తుంది. ఆ హద్దు దాటాక ఏమవుతుందో తెలుసుకోవాలంటే నారిస్ దగ్గరికి వెళ్లాలి. పిల్లల పుస్తకమనుకున్నది ధర గురించి మనకు ఎక్కువ చెబుతుంది, పెద్దల పుస్తకమనుకున్నది అధికారం గురించి ఎక్కువ చెబుతుంది.

ఇద్దరూ వాస్తవాన్ని కొలత మార్చి రాశారు. మార్చిన దిక్కులే వేరు.

మసల్ స్లూలో నిజంగా పోట్లాడినవాళ్లలో ఎక్కువమంది చిన్న రైతులు. కింగ్స్ నది నీళ్లకు కాలువలు తవ్వుకుని ఎడారిలాంటి నేలను సాగులోకి తెచ్చుకున్నవాళ్లు. పట్టాలకు రెండు పక్కలా ఒకటి విడిచి ఒకటిగా భూఖండాలను ప్రభుత్వం సదరన్ పసిఫిక్ కంపెనీకి ధారపోసింది. ఎకరం రెండున్నర డాలర్ల నుంచి మొదలని, మీరు చేసుకున్న మెరుగులకు ధర వెయ్యబోమని కరపత్రాలు పంచిన కంపెనీ, తర్వాత ఎన్నో రెట్లు ఎక్కువ అడిగింది. కోర్టు తీర్పు కంపెనీకే అనుకూలంగా వచ్చింది. ఆ రైతుల్లో భూమి బేరాల ఆశతో వచ్చినవాళ్లూ ఉన్నారని, తప్పంతా కంపెనీ నెత్తిన రుద్దడం సరికాదని రిచర్డ్ ఆర్సీ వంటి చరిత్రకారులు తర్వాత వాదించారు. ఆ తగువు అలా ఉంచితే, నారిస్ చేసిన మార్పు పెద్దది. 1899లో హోలిస్టర్ దగ్గరి ఒక పెద్ద గోధుమ క్షేత్రంలో మకాం పెట్టి చూసిన వైభవాన్ని తెచ్చి మసల్ స్లూ రైతుల భుజాన కప్పాడు. వందా నూటయాభై ఎకరాలవాళ్లు పదివేల ఎకరాల దొరలయ్యారు. దాంతో కథకు ఇతిహాసపు ఎత్తు వచ్చింది. పోగొట్టుకున్నదీ ఉంది. మాగ్నస్ రైలు కమిషన్‌లో తన మనుషులను పెట్టడానికి లంచాలిస్తాడు, ఆ గుట్టు పట్టుకుని పత్రిక సంపాదకుడు అతని దగ్గర డబ్బు గుంజుతాడు, కమిషనరైన సొంత కొడుకు లైమన్ కంపెనీకి అమ్ముడుపోతాడు. అన్నీ బలమైన ఘట్టాలే. కానీ ఇవి రెండు ఏనుగుల పోరు. కాలి కింద నలిగే గడ్డి కథ హూవెన్ కుటుంబం, డైక్ కుటుంబం పేజీల్లోకి కుదించుకుపోయింది.

వైల్డర్ తగ్గించి రాసింది. ఆమె ముందే రాసుకున్న ఆత్మకథ 'పయొనీర్ గర్ల్' 2014లో అచ్చయ్యాక అందరికీ తెలిసిన సంగతి: ఆ చలికాలమంతా ఇంగల్స్ ఇంట్లో ఇంకో దంపతులు, వాళ్ల పసిబిడ్డ తలదాచుకున్నారు. వాళ్లు పనిలో సాయం చెయ్యలేదని, పొయ్యి దగ్గర మంచి చోటు వాళ్లే ఆక్రమించారని ఆమెకు కడుపులో మంట. నవలలో వాళ్లను తుడిచేసింది. అందువల్ల ఇల్లు ఒక్క కుటుంబపు కోట అయింది. నలుగురూ కలిసి ఒకరి కడుపు ఇంకొకరు కొట్టకుండా బతకడంలో ఉండే చిరాకు, సణుగుడు, తప్పనిసరి సర్దుబాటు పుస్తకంలోకి రాలేదు. ఆ దంపతులను ఉంచి రాసి ఉంటే ఇంకా పెద్ద నవల అయ్యేదని నా నమ్మకం. అసలు ఆమె పెట్టుకున్న పేరు 'ద హార్డ్ వింటర్'. పిల్లల పుస్తకానికి అంత కటువు పనికిరాదని ప్రచురణకర్తలు 'లాంగ్' చేశారు. కటువు తగ్గించడం పేరుతోనే ఆగలేదన్నమాట.

మనుషుల విషయంలో ఇద్దరి చూపూ ఇరుకే. డి స్మెట్ నేల అంతకుముందు ఎవరిదో వైల్డర్ పుస్తకంలో ఒక ముసలి అమెరికా ఆదివాసి వచ్చి ఏడు నెలల తుపానులొస్తాయని జోస్యం చెప్పి వెళ్లేంతవరకే గుర్తొస్తుంది. నారిస్‌కు ఆంగ్లో-శాక్సన్ జాతి పిచ్చి. కుందేళ్ల వేటలో మెక్సికన్ కూలీలను చూపించిన తీరు ఇవాళ చదివితే మొహం చిట్లుతుంది. బెర్మన్ చిత్రణలో యూదుల మీది పాత ద్వేషపు మూసలే ఉన్నాయి. ఇలాంటి చూపు కారణంగానే అమెరికా గ్రంథాలయ సంఘంలోని పిల్లల విభాగం 2018లో వైల్డర్ పేరున ఉన్న పురస్కారానికి పేరు మార్చింది. పెద్దల నవలాకారుడు కనక నారిస్‌ను ఎవరూ అంత పట్టించుకోలేదు.

రైలు గురించి రెండు పుస్తకాల్లోనూ అందరికంటె తెలివైన మాట అనేది ఇల్లాళ్లు. ఇద్దరు రచయితలూ ఆ మాటను అక్కడే వదిలేశారు. 'ద లాంగ్ వింటర్'లో కిరోసిన్ అయిపోయినప్పుడు అమ్మ అంటుంది: రైళ్లు, టెలిగ్రాఫ్, కిరోసిన్, బొగ్గు పొయ్యిలు మంచివేగానీ మనుషులు వాటి మీద మరీ ఆధారపడిపోయారని. ఆ మాటకు కొనసాగింపు లేదు. 'ది ఆక్టోపస్'లో మాగ్నస్ భార్య అనీ డెరిక్ తూర్పు ఒహాయోలో పుట్టి పెరిగిన మనిషి. అక్కడ ఐదొందల ఎకరాల పొలమంటే గొప్ప. అందులోనే పశువులకింత, మొక్కజొన్నకింత, గోధుమకింత. ఇక్కడ పదివేల ఎకరాల ఒకే పంటను చూస్తే ఆమెకు భయం, ఏదో అసభ్యంగా కూడా తోస్తుంది. రచయిత ఆమెను సుకుమారి, పుస్తకాల పురుగు అని కొంచెం చులకన చేస్తాడు. భయపడింది ఆమె ఒక్కతే, అన్నీ పోగొట్టుకున్నది ఆమె ఇల్లే. ఒక్క పంటకు, ఒక్క కంపెనీకి, ఒక్క రైలు మార్గానికి ఊరిని కట్టేస్తే ఏమవుతుందో ఈ ఇద్దరూ చెబుతున్నారు. మగాళ్లు వినలేదు, నవలలూ వినలేదు.

వినకపోవడం వల్ల జరిగిన నష్టం ముగింపుల్లో తేలుతుంది. 'ది ఆక్టోపస్'లో కవి ప్రెస్లీ, రైతుల తరఫున బాంబు కూడా విసిరినవాడు, కోపంతో కంపెనీ అధ్యక్షుడు షెల్గ్రిమ్ గదిలోకి వెళతాడు. షెల్గ్రిమ్ పాత్రకు మూలం సదరన్ పసిఫిక్‌ను నడిపిన కాలిస్ హంటింగ్టన్ అని అప్పటి పాఠకులకు తెలుసు. ఆ ముసలాయన నింపాదిగా, గోధుమ తనంతట తానే పండుతుంది, రైలు తనంతట తానే పెరుగుతుంది, ఇవి శక్తులు, మనుషులను నిందించకు అని బోధిస్తాడు. అంతటి ప్రెస్లీ నోరు మూసుకుని బయటికొస్తాడు. ఆరొందల పేజీల కోపాన్ని నారిస్ ఐదు పేజీల వేదాంతానికి తాకట్టు పెట్టాడు. వైల్డర్ కథలో కంపెనీ పెద్దమనిషి హాస్యపాత్ర. తూర్పునుంచి వచ్చిన సూపరింటెండెంటు, పట్టాల కోసం తవ్విన, మంచు పేరుకున్న కోతలోకి తానే ఇంజను తోలి, దాన్ని ఐసులో ఇరికించి నవ్వులపాలవుతాడు. పడమటి బతుక్కి ఓర్పూ పట్టుదలా కావాలని నాన్న తీర్పు. కథ పసందుగా ఉంది. రైలు మీదే ఊరంతా బతకాలని ఏర్పాటు చేసిన కంపెనీ, చలికాలానికి సరుకు ముందే ఎందుకు చేర్చలేదన్న ప్రశ్న ఆ నవ్వులో కొట్టుకుపోయింది. ఒకచోట ప్రకృతి శక్తి అని, ఇంకోచోట ప్రకృతి కోపం అని, రెండు పుస్తకాల్లోనూ కంపెనీ బోను దిగి వెళ్లిపోయింది.

వైల్డర్ మాత్రం చివర్లో ఒక చిన్న పని చేయించింది. మే నెలలో మంచు కరిగాక వచ్చిన తొలి గూడ్సులో తిండి లేదు, వ్యవసాయ యంత్రాలున్నాయి. ఆకలితో ఉన్న జనం మండిపడ్డారు. ఇంకో పెట్టెలో ఎవరో వలస కుటుంబం సామాను. స్టేషను ఏజెంటు ఆ పెట్టె తెరిపించి దొరికిన తిండి ఇంటింటికీ పంచాడు. ఆ సామాను అతనిది కాదు, పెట్టె కంపెనీది. కంపెనీ మనిషే కంపెనీ నియమం దాటిన ఆ పని మీద ఒక అధ్యాయం రాయాల్సింది, ఆమె కొన్ని వాక్యాలతో సరిపెట్టింది.

రెండు నవలలూ చివరికి దానంగా వచ్చే సరుకు దగ్గరే ఆగుతాయి. తూర్పున ఉన్న చర్చివాళ్లు ఇంగల్స్ కుటుంబానికి పంపిన క్రిస్మస్ పీపా నెలల తరబడి మంచులో చిక్కుకుని మేలో చేరుతుంది. ఇల్లంతా చుట్టూ చేరి దాన్ని విప్పుతారు. బట్టలు, శాలువ, ఇంకా గడ్డకట్టే ఉన్న టర్కీ కోడి. ఏది ఎవరికి నప్పిందో మనకు తెలుస్తుంది.

నారిస్ నవలలో ఆ సరుకు ఓడ. పేరు స్వాన్‌హిల్డా. పోర్ట్ కోస్టాలో డెరిక్ పొలం గోధుమ అందులోకి ధారగా పడుతుంటుంది. తొంగిచూడబోయిన బెర్మన్ కాలుజారి ఆ ధాన్యం కింద పడి ఊపిరాడక చస్తాడు. అదే ఓడలో ప్రెస్లీ ప్రయాణికుడు. ఆ గోధుమ వెళ్తున్నది ఇండియాకు, కరువు పడినవాళ్లకు. వ్యక్తి నశించినా గోధుమ ఎక్కడో వేలమందిని బతికిస్తుందని ప్రెస్లీ ఊరట పొందుతాడు, నవల అయిపోతుంది. ఇక్కడ తెలుగు పాఠకుడు ఆగకుండా ఉండలేడు. ధాత కరువులో, 1876-78లో, బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల్లో జనం రాలిపోతున్నప్పుడు ఆ సీమలోంచి మద్రాసు రైలు మార్గం నడుస్తూనే ఉంది. కరువు పనుల కూలీకి రోజుకు పౌను ధాన్యం చాలని బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్ లెక్క కట్టాడు. ఆ కరువు తర్వాత వేసిన కమిషన్ నివేదిక ఇచ్చిందీ 1880లోనే. మళ్లీ కరువు రాకుండా ఇంకా రైళ్లు వెయ్యాలని అది సిఫారసు చేసింది. ధాన్యం, రైలు ఉంటే ఆకలి పోతుందన్న ప్రెస్లీ ధీమాకు మన నేల మీద అప్పటికే పరీక్ష జరిగింది.

స్వాన్‌హిల్డా గోధుమ అందుకున్న చెయ్యి ఒక్కటి కూడా నారిస్ పుస్తకంలో లేదు. గోధుమ పండించేవాళ్ల మీద 'ది ఆక్టోపస్', అమ్మేవాళ్ల మీద 'ద పిట్', తినేవాళ్ల మీద 'ద వుల్ఫ్' అని అతను మూడు నవలలు అనుకున్నాడు. ఆ మూడో నవలలో కరువు తీరే ఘట్టం ఉంటుందని ముందుమాటలోనే ప్రకటించాడు. ఆ కరువు ఇండియాలోది కాదు, ఐరోపాలోది. 'ద పిట్' అచ్చులో ఉండగానే, 1902 అక్టోబరులో, ముప్ఫైరెండేళ్ల వయసులో అపెండిక్సు పగిలి పోయాడు. 'ద వుల్ఫ్' రాయలేదు.